చేప అచ్చు కాగితం మీదికి తీయడం ఎలా?

చేతులు చాచి "ఇంత చేప పడింది" అంటే ఎవరు నమ్ముతారు? జపాన్‌లో గాలం వేసేవాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు: చేపకే సిరా పూసి, కాగితం కప్పి, ముద్ర తీసేయడం. పేరు గ్యోతకు. గ్యో అంటే చేప, తకు అంటే ముద్ర. ఇప్పుడు మిగిలి ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది 1839 నాటిది. అది ఉత్తర జపాన్‌లోని అప్పటి షోనాయ్ సంస్థానానిది, అక్కడ సమురాయ్ యోధులకు కూడా చేపలు పట్టే పిచ్చి బాగా ఉండేది.

మొదటిసారి చేస్తుంటే జిలేబి చేప తెచ్చుకోండి. పొలుసు పెద్దది, ఒళ్లు బల్లపరుపు. దుకాణంలో "పొలుసు తీయొద్దు, పొట్ట కోయొద్దు" అని ముందే చెప్పాలి, లేదంటే అలవాటు కొద్దీ మీరు డబ్బులు తీసేలోపే చకచకా గీకేస్తారు.

అసలు పని జిగురు వదిలించడంలోనే ఉంది. ఉప్పు రాసి మెల్లగా రుద్ది, కడిగి, మళ్లీ రుద్ది, టిష్యూతో పొడిగా తుడవండి. నోట్లో, మొప్పల్లో, మలద్వారంలో కొంచెం దూది కుక్కండి. అక్కడి నుంచి నీరు కారితే కాగితం మీద మరక పడుతుంది. రెక్కల కింద మట్టి ముద్దలు పెట్టి, విప్పి, గుండుసూదులు గుచ్చండి. చపాతీ పిండి అయినా చాలు.

ఇక సిరా. పల్చగా, చాలా పల్చగా! నేను మొదటిసారి దండిగా పూస్తే, అది చేపా వంకాయా అని ఇంట్లోవాళ్లు అడిగారు. తల నుంచి తోక దాకా బ్రష్‌తో పూసి, తర్వాత ఆరిన బ్రష్‌తో తోక నుంచి తలవైపు ఎదురు తీయండి, అప్పుడు ఒక్కో పొలుసు అంచుకీ సిరా పట్టుకుంటుంది. కంటికి మాత్రం పూయొద్దు.

పల్చటి, సిరా పీల్చే కాగితం కప్పండి. జపాన్‌వాళ్లు వాషి అనే తమ సంప్రదాయ కాగితం వాడతారు, బటర్ పేపర్ అయితే పనికిరాదు. వేళ్లతో మధ్య నుంచి అంచులకు నొక్కుతూ వెళ్లండి, కాగితం జరిగిందంటే బొమ్మ రెండుగా పడుతుంది. ఒక చివర పట్టుకుని మెల్లగా లేపండి. చేప తల కుడికి ఉంటే బొమ్మలో ఎడమకి వస్తుంది.

తడి కాగితాన్ని చేపకు అతికించి, పైనుంచి సిరా అద్దే పద్ధతి కూడా ఉంది. అందులో బొమ్మ తిరగబడదు, కానీ ఓపిక కావాలి.

సిరా మళ్లీ పూయకుండానే ఇంకో కాగితం వేసి చూడండి, చాలాసార్లు ఆ రెండోదే బాగుంటుంది. ఆరాక కన్ను సన్నటి బ్రష్‌తో గీయండి, మెరుపు కోసం ఒక చుక్క తెల్లగా వదిలేసి. పోస్టర్ కలర్ వాడి ఉంటే ఆ చేపను కూర వండుకోవద్దు.