చెక్ ఇంజిన్ లైటు వెలిగితే కోడ్ చదివి లోపాన్ని ఎలా కనిపెట్టాలి?

డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు రంగు లైటు వెలిగిందంటే, ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్ తాను నిరంతరం జరిపే పరీక్షల్లో ఏదో ఒకదానిలో తేడా కనిపెట్టిందని అర్థం. ఆ పరీక్ష ఏదో ట్రబుల్ కోడ్ చెబుతుంది. ఏ పార్టు మార్చాలో మాత్రం చెప్పదు. కోడ్‌లో సెన్సర్ పేరు కనబడగానే కొత్త సెన్సర్ కొని బిగిస్తే, చాలాసార్లు డబ్బు ఖర్చయి లైటు మాత్రం మళ్లీ వెలుగుతుంది. కింద చెప్పేదంతా పెట్రోలు కార్లకు సంబంధించినది.

ముందుగా లైటు నిలకడగా వెలుగుతోందా, ఆరి వెలుగుతోందా చూడండి. ఆరి వెలుగుతుంటే ఇంజిన్ తీవ్రంగా మిస్సింగ్ కొడుతున్నట్లే, అంటే సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదన్నమాట (దీన్నే మిస్‌ఫైర్ అంటారు). సిలిండర్‌లో మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండుతుంది కాబట్టి, ఖరీదైన ఆ పార్టు వేడికి కరిగిపోయే ప్రమాదం ఉంది. వెంటనే యాక్సిలరేటర్ తగ్గించి, బండిని భద్రమైన చోట పక్కకు ఆపండి. లైటు నిలకడగా ఉండి, ఇంజిన్ వేడి మామూలుగానే ఉండి, ఎర్రటి ఆయిల్ లైటు వెలగకపోతే నెమ్మదిగా ఇంటికో షెడ్డుకో చేరుకోవచ్చు. ఎర్రటి ఆయిల్ లైటు వెలిగితే మాత్రం ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు.

కోడ్ చదవడానికి ఓబీడీ-2 (కారు తనను తాను పరీక్షించుకునే వ్యవస్థ) స్కానర్ కావాలి. బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు కలిసే చిన్న పరికరమైనా ఈ పనికి సరిపోతుంది. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముడవుతున్న బీఎస్-6 కార్లలోనూ, అంతకు ముందు వచ్చిన చాలా కార్లలోనూ, స్టీరింగ్ కింది భాగంలో దీనికి 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అమెరికాలో 1996 మోడల్ నుంచే ఇది తప్పనిసరి. స్కానర్‌ను గుచ్చి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, నమోదైన కోడ్‌లను, పెండింగ్ కోడ్‌లను (ఇంకా నిర్ధారణ కాని లోపాలవి) రెండింటినీ చదవండి. లోపం తలెత్తిన క్షణంలో ఇంజిన్ వేడి, వేగం, ఆర్‌పీఎం ఎంత ఉన్నాయో చూపే ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలను కూడా రాసి పెట్టుకోండి. ఇవి రాసుకునే దాకా కోడ్‌లను చెరపవద్దు. చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది, దాంతో మీ దగ్గరున్న మంచి ఆధారం పోయినట్లే.

పీ0301 అనే కోడ్‌ను చూడండి. 'పీ' అంటే ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు సంబంధించినది. తర్వాతి 0 అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్ అని తెలుపుతుంది. అక్కడ 1 ఉంటే అది ఆ కంపెనీ సొంత కోడ్ కాబట్టి, దాని అర్థాన్ని ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోనే చూడాలి. ఆ తర్వాతి 3 ఇగ్నిషన్ లేదా మిస్‌ఫైర్ సమస్యను, చివరి 01 ఒకటో సిలిండర్‌ను సూచిస్తాయి.

ఏ కోడ్ వచ్చినా, పార్టుల జోలికి పోయే ముందు బానెట్ ఎత్తి కళ్లతో వెతకండి. ఎలుకలు కొరికిన వైర్లు, ఊడిన హోస్ పైపులు, వర్షాకాలంలో నీరు చేరిన కనెక్టర్లు మన దగ్గర తరచూ కనిపించే కారణాలు. ఒకదానితో ఒకటి సంబంధం లేని కోడ్‌లు ఒకేసారి చాలా వస్తే బ్యాటరీని, ఎర్త్ వైరును, ఫ్యూజులను ముందు అనుమానించాలి.

ఇప్పుడు పీ0301 కారణాన్ని ఖర్చు లేకుండా పట్టుకునే పద్ధతి చెబుతాను. ఇంజిన్ చల్లారాక ఇగ్నిషన్ ఆఫ్ చేసి, ఒకటో సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకు నిప్పురవ్వ కోసం అధిక వోల్టేజీ అందించే పార్టు) కనెక్టర్ ఊడదీసి, బోల్టు విప్పి, కాయిల్‌ను నిటారుగా పైకి లాగండి. దాని రబ్బరు గొట్టానికి ఆయిల్ అంటి ఉంటే పైనున్న వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కారుతున్నట్లు. దాన్ని మార్చకుండా కాయిల్ ఒక్కటే మారిస్తే కొత్తది కూడా పాడవుతుంది. రబ్బరు లోపల సన్నని నల్లటి గీత కనిపిస్తే కరెంటు అక్కడ దారి తప్పి లీకవుతోందన్నమాట. పైకి ఏమీ కనిపించకపోతే ఆ కాయిల్‌ను రెండో సిలిండర్‌కు, రెండో దాన్ని ఒకటో దానికి మార్చి బిగించి, కోడ్ చెరిపి, మిస్సింగ్ మళ్లీ వచ్చేదాకా బండి నడపండి. కోడ్ పీ0302గా మారితే లోపం కాయిల్‌దే. పీ0301గానే ఉంటే ప్లగ్గులను కూడా అలాగే మార్చి చూడండి. అప్పటికీ ఒకటో సిలిండర్‌నే చూపిస్తుంటే ఇంజెక్టర్‌ను, కంప్రెషన్‌ను పరీక్షించాలి. ఆ పని మెకానిక్‌కు వదిలేయడమే మేలు. ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ లేని బండ్లలో ప్లగ్ వైర్లను కూడా పరిశీలించాలి.

గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని చెప్పే పీ0171 వస్తే, స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు (ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపేవి) చూడండి. ఐడ్లింగ్‌లో ప్లస్ 20 శాతం దాకా ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర బాగా తగ్గితే ఎక్కడో హోస్ పగిలి గాలి లోపలికి చొరబడుతోందని అనుమానించవచ్చు. వేగం, ఇంజిన్ మీద భారం పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టర్ వైపు చూడాలి.

కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని చెప్పే పీ0420 వచ్చిందని వెంటనే క్యాటలిటిక్ కన్వర్టర్ మార్పించవద్దు. దానితోపాటు మిస్‌ఫైర్ కోడ్ ఉంటే ముందు దాన్నే బాగు చేయాలి. సైలెన్సర్ పైపు జాయింట్లలో లీకు లేదని కూడా నిర్ధారించుకోండి. ఇంజిన్ బాగా వేడెక్కాక, కన్వర్టర్ వెనకాల ఉన్న ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ దాదాపు నిలకడగా ఉండాలి. అది కూడా కన్వర్టర్ ముందున్న సెన్సర్ లాగే పైకీ కిందికీ వేగంగా ఊగుతుంటే అప్పుడు కన్వర్టర్‌ను అనుమానించవచ్చు.

రిపేరు పూర్తయ్యాక కోడ్ చెరిపి, కొన్ని రోజులపాటు చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి, ఊళ్లోనూ హైవే మీదా మామూలుగా నడపండి. స్కానర్‌లోని మానిటర్లన్నీ (ఈసీయూ జరిపే స్వీయ పరీక్షలు) 'రెడీ' అని చూపాలి, పెండింగ్ జాబితా ఖాళీగా ఉండాలి. కాలిఫోర్నియా వంటి చోట్ల ఉండేవారు స్మాగ్ (పొగ కాలుష్య) పరీక్షకు ముందురోజు కోడ్‌లు చెరిపితే మానిటర్లు సిద్ధంగా ఉండవు, బండి పాస్ కాదు.