మంచం కింద కట్టలు మిగలకుండా పుస్తకం వేయాలంటే

2016లో ఇంటి వైరింగ్ మీద ఒక పుస్తకం వేశాను. వెయ్యి కాపీలు. రాస్తున్నన్నాళ్లూ షాపుకొచ్చిన ప్రతివాడూ "రాయన్నా, మేం కొంటాం" అన్నవాడే. తీరా చూస్తే మూడొందల చిల్లర అమ్ముడుపోయాయి. మిగతావి మా ఇంట్లో మంచం కిందికి చేరాయి. రెండు కట్టలు చెదలు తినేశాయి, కొన్ని పెళ్లిళ్లలో చదివింపుల కింద ఇచ్చాను. కదిరిలో నాది మోటార్ వైండింగ్ షాపు, అంటే కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే పని. రాత్రిళ్లు రాసుకుంటాను. వైండింగ్ మీద రెండో పుస్తకం మొదలుపెట్టినప్పుడు మా ఆవిడ ఒక్కటే అడిగింది, "ఈసారి ఏ మంచం కింద పెడతావ్?" అని. అందుకే ప్రెస్సుకు వెళ్లకముందే చదివేవాళ్లు ఎంతమందో చూసుకున్నాను. చేతితో చేసే పని మీద పుస్తకం రాసే ఎవరికైనా ఈ పద్ధతి పనికొస్తుంది.

అన్నిటికన్నా ముందు, "పుస్తకం వేస్తే కొంటావా?" అని ఎవరినీ అడగొద్దు. మనవాళ్లు మొహం మీద లేదని చెప్పరు. దానికి బదులు, పోయినసారి ఆ పనిలో ఎక్కడ ఇరుక్కున్నారో అడగండి. నేను వైండింగ్ వైరు కిలోల్లెక్కన అమ్మే కొట్టు కౌంటర్ దగ్గర నాలుగు శనివారాలు నిలబడ్డాను. మెకానిక్కులంతా అక్కడికి రావాల్సిందే. "నిన్న వచ్చిన మోటారుకి ఎన్ని చుట్లు వేయాలో నీకెలా తెలిసింది?" అని ఒకతన్ని అడిగితే బండి డిక్కీలోంచి ఒక నోటు పుస్తకం తీశాడు. అట్ట మీద గ్రీజు మరకలు. లోపల చేత్తో గీసిన గళ్లు: హెచ్‌పీ, స్లాట్లు (తీగ కూర్చునే గాడులు), చుట్లు, గేజ్ (తీగ మందం), పిచ్ (కాయిల్ ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకు పోవాలో). పదేళ్లుగా విప్పిన ప్రతి మోటారు లెక్కా అందులో ఉంది. మధ్యలో నాలుగు పేజీలు ఎలుకలు కొరికేశాయి. ఆ లెక్కలు కావాలంటే తనకు పని నేర్పిన మేస్త్రీకి ఫోన్ చేయాలట. "చేస్తే ఎత్తుతాడు గానీ సగమే చెప్తాడన్నా" అన్నాడు.

నా పుస్తకంలో మొదటి ఐదు అధ్యాయాలూ థియరీ. అయస్కాంత క్షేత్రం దగ్గర మొదలుపెట్టి బొమ్మలతో సహా రాశాను. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివినవాళ్ల దగ్గర అది ఎటూ ఉంది, చదవనివాళ్లకు అక్కర్లేదు. నాలుగు శనివారాల్లో థియరీ అడిగినవాడు ఒక్కడూ లేడు. కష్టంగానే ఉన్నా, ఐదింటినీ ఒకటి చేసి పుస్తకం చివరికి తోశాను.

తర్వాత నమూనా పేజీలు. చాలామంది ముందుమాటో మొదటి అధ్యాయమో పంపుతారు. అలా చేయొద్దు, రేపు పొద్దున పనికొచ్చే పేజీలు పంపండి. నేను 5 హెచ్‌పీ మోనోబ్లాక్ (పంపూ మోటారూ ఒకటిగా ఉండేది) మోటారు పాత తీగ లాగడం నుంచి వార్నిష్ ఆరబెట్టేదాకా ఎనిమిది పేజీలు పీడీఎఫ్ చేసి రెండు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. ఇరవై జిరాక్సులు కౌంటర్ మీద కూడా ఉంచాను. గ్రూపుల్లో నూట ముప్పై దాకా బొటనవేళ్లు వచ్చాయి. వాటిని లెక్కలోకి తీసుకోలేదు, మొదటి పుస్తకానికీ అవి బోలెడు వచ్చాయి.

అసలు లెక్క చివరి పేజీలో పెట్టాను. "నా నంబరు సేవ్ చేసుకుని 'టేబుల్' అని మెసేజ్ పెడితే 7.5 హెచ్‌పీ లెక్కలు పంపుతాను" అని రాశాను. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో, అంటే ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే లిస్టులో, ఒక సుగుణం ఉంది. మన నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే మెసేజ్ చేరుతుంది. మొహమాటానికి మెసేజ్ పెట్టినవాడు నంబరు సేవ్ చేసుకోడు కాబట్టి అక్కడే తేలిపోతాడు. 'టేబుల్' అని 41 మంది పెట్టారు. పది రోజుల తర్వాత బ్రాడ్‌కాస్ట్ పంపితే 28 మందికి రెండు టిక్కులు పడ్డాయి.

ఆ 28 మందిలో ఒకాయన, హిందూపురం వైపు మెకానిక్కు, రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, 36 స్లాట్లు, నాలుగు పోల్స్ మోటారుకి పిచ్ 1-6 అని వేశావే, 1-8 కదా?" అన్నాడు. టైపింగ్ తప్పు. సిగ్గేసింది, కానీ ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. మోటారు విప్పి ముందు పెట్టుకుని నా పేజీ చదివినవాడు ఒకడున్నాడని తెలిసింది. నమూనాలో తప్పు పట్టినవాళ్లందరి పేర్లూ రాసిపెట్టుకోండి, అచ్చుకు ముందు మొత్తం పుస్తకం వాళ్లకే చూపించాలి.

డబ్బు సంగతికొస్తే, ధర ఎంత పెట్టమంటారని అడిగితే ఎవరైనా తక్కువే చెప్తారు. పోనీ ఇద్దరికి రెండు ధరలు చెబుదామంటే సాయంత్రానికి టీ కొట్టు దగ్గర ఇద్దరూ కలుసుకుంటారు. నేను ఒకే పుస్తకాన్ని రెండు రకాలుగా చెప్పాను: మామూలు బైండింగ్ 180, స్పైరల్ 250. ఏదైనా సరే అడ్వాన్సు 100, యూపీఐలో. నెలలోపు నలభై మంది రాకపోతే పుస్తకం వేయను, డబ్బు వెనక్కి ఇస్తాను అని ముందే రాశాను. ఆ డబ్బు వేరే ఖాతాలో పెట్టి ముట్టుకోలేదు. మొదటి వారం 19 మంది, నెలాఖరుకు 63 మంది కట్టారు. ఇద్దరు వెనక్కి అడిగితే అదే రోజు వేసేశాను.

ఆ 63లో 51 స్పైరల్‌కే. నాకు ఆశ్చర్యమేసింది. అడిగితే, రెండు చేతులూ కాయిల్ మీద ఉంటే పుస్తకం దానంతటది తెరుచుకుని ఉండాలి కదన్నా అన్నారు. ఇరవై ఏళ్లుగా అదే పని చేస్తున్న నాకు ఆ సంగతి తట్టలేదు.

కంప్యూటర్ పుస్తకం రాసేవాళ్లకు ఇంత తిరుగుడు లేదని హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా మేనల్లుడు చెప్పాడు. లీన్‌పబ్ లాంటి సైట్లో పుస్తకం పూర్తికాకముందే దానికొక పేజీ పెట్టుకోవచ్చట, ఆసక్తి ఉన్నవాళ్లు ఈమెయిల్ ఇచ్చి ఎంతైతే కొంటారో కూడా చెప్తారట. మంచిదే. కానీ మా మెకానిక్కులకు ఈమెయిల్ అంటే ఫోన్ కొన్నప్పుడు షాపువాడు చేసిపెట్టిందే.

63 అడ్వాన్సులు చేతికొచ్చాక 150 కాపీలు డిజిటల్ ప్రింటింగులో వేయించాను. అడ్వాన్సుకు రెండింతలు, పైన కొంచెం. ఆఫ్‌సెట్ అచ్చుకు ముందు ప్లేట్లు చేయాలి, ఆ ఖర్చు రెండొందలకైనా వెయ్యికైనా ఒకటే, అందుకే వెయ్యి వేస్తే కాపీ చవగ్గా పడుతుంది. నేను మొదటిసారి పడ్డది ఆ ఆశలోనే. డిజిటల్‌కు ప్లేట్లు ఉండవు. కాపీకి ఎక్కువే పడింది గానీ, మంచం కింద ఏమీ మిగల్లేదు. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) మన దేశంలో ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి మనమే ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు. దాని కోసమని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. అడ్వాన్సులు వస్తుండగానే అప్లై చేస్తే ఆ టైమూ కలిసొస్తుంది.

ప్రెస్సుకు ఇచ్చే ముందు రోజు, డిక్కీలో నోటు పుస్తకం ఉన్నతను ఫోన్ చేశాడు. "వెనకాల కొన్ని ఖాళీ పేజీలు పెట్టన్నా, గళ్లు గీసి. నా లెక్కలు కూడా అందులోనే రాసుకుంటా." పన్నెండు పేజీలు కలిపాను.