డార్జిలింగ్‌లో కాంచనగంగ కనిపించాలంటే

డార్జిలింగ్ వెళ్తున్నారా? కాంచనగంగ శిఖరం కోసం, సూర్యోదయం చూడ్డానికి అందరూ వెళ్లే టైగర్ హిల్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. తెల్లవారుజామున మూడున్నరకే లేచి, జీపుల వరసలో ఇరుక్కుని, తీరా పైకి చేరాక మబ్బు కమ్మితే ఉసూరుమంటూ తిరిగి రావాలి. మాకదే అయింది. మర్నాడు తీరిగ్గా ఆరింటికి ఊరి నడిబొడ్డున ఉన్న చౌరస్తా నుంచి అబ్జర్వేటరీ హిల్ చుట్టూ తిరిగే మాల్ రోడ్డులో నడుస్తుంటే 8,586 మీటర్ల కొండ ఎదురుగా నిలబడి ఉంది, పైసా ఖర్చు లేకుండా! పొద్దెక్కేకొద్దీ మబ్బులు లేస్తాయి, కాబట్టి చూసేదేదో ఉదయమే చూడాలి. కనీసం మూడు రాత్రులు ఉండేలా వేసుకోండి, ఒక్క పొద్దయినా తెరిపిస్తుంది. అక్టోబరు చివర, నవంబరు అయితే మేలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన, పొగమంచు.

అక్కడ టీ పొడి కొనేటప్పుడు ‘ఫస్ట్ ఫ్లష్’ అని కనిపిస్తే, అది మార్చి, ఏప్రిల్ కోత. ఖరీదెక్కువ, కొంచెమే తీసుకోండి. ఇంటికొచ్చి మన అలవాటు కొద్దీ పాలు పోసి మరిగించారో, డబ్బులు దండగే. మరుగు ఆగిన నీళ్లలో మూడు నిమిషాలుంచి వడకట్టండి. పాల టీకి అస్సాం పొడి చాలు.