జట్టులో నమ్మకం – నాలుగో పాఠం: చెడ్డ కబురు అందిన మొదటి నిమిషం

పోయిన పాఠంలో చెప్పింది ఒక్కటే: సాయంత్రం పని దిగేముందు పది నిమిషాలు అందరూ కూర్చుని, ఆ రోజు వచ్చిన ఇబ్బందులు దాపరికం లేకుండా చెప్పుకోమని. కాశీనగరం వైపు ఒక రైసుమిల్లులో మూడు సాయంత్రాలు అందరూ గోడల వంక చూస్తూ టీ తాగి లేచిపోయారు. బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణంలో దాపరికం లేకపోవడమంటే మొహం మీద అనేయడమే అనుకున్నారు. అక్కడ ఇద్దరు గుమాస్తాలు ఇప్పుడు చీటీలు రాసి మాట్లాడుకుంటున్నారు. రాయగడ కబురు మరీ అన్యాయం. తన చేతిలో సరుకు పాడైందని ఒప్పుకున్న కుర్రాడికి ఆ వారం కూలిలో కోత పెట్టారు. మర్నాటి నుంచి అక్కడ ఇబ్బందులే లేవట! షావుకారు సంతోషంగా తెలియజేశారు.

అందుకే పనుల పంపకం గురించిన పాఠాన్ని వెనక్కి జరుపుతున్నాను. వేళకు కూలి ఇవ్వడం, నలుగురిలో పరువు తీయకపోవడం వంటివి నేను రాయను. అవి లేనిచోట ఈ పాఠాలు చదవడం వృథా.

"చెప్పండి" అన్నంత మాత్రాన ఎవరూ చెప్పరు. ఎవరో ఒకరు తెగించి చెబుతారు, అతనికి ఏమవుతుందో మిగతావాళ్లు కనిపెట్టి చూస్తారు. మీ జట్టు నోరు తెరుస్తుందా లేదా అన్నది ఆ నిమిషంలోనే తేలిపోతుంది.

ఉప్పుడు బియ్యం ఆడించే మిల్లునే తీసుకోండి. ఉడికిన ధాన్యాన్ని డ్రయ్యరులో తేమ సుమారు 14 శాతానికి దిగేదాకా ఆరబెడతారు. రాత్రి షిఫ్టు కుర్రాడు కునుకు తీశాడనుకోండి. వేడిగాలి ఆగదు, గింజ అతిగా ఎండి లోపల బీటలు వారుతుంది. అర్ధరాత్రి మెలకువ వచ్చి, నాలుగు గింజలు అరచేతిలో ఒలిచి పంటికింద పెట్టి చూసేసరికి అతనికి సంగతి తెలిసిపోయింది. అప్పుడే మేస్త్రిని లేపితే వేడి ఆపి, ఆ ధాన్యాన్ని విడిగా పోయించేవారు. లేపలేదు. తెల్లవారేలోగా మంచి ధాన్యంలో కలిపేశాడు. మర్నాడు జల్లెడ కింద నూక గుట్టపడుతుంటే అందరూ మిషన్ల మీద పడ్డారు, రబ్బరు రోలర్లు విప్పి చూశారు. నిద్ర వల్ల పోయింది ఒక్క డ్రయ్యరు ధాన్యం. దాచడం వల్ల పోయింది దానికి ఎన్నో రెట్లు. అతను ఎందుకు దాచాడు? లేపితే మొదట వినబడే మాట ఏదో అతనికి ముందే తెలుసు.

ఆ మాట "ఎవరు చేశారు?"

దీని మీద నాకు ఒళ్లుమంట, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. "ఎవరు" అన్న ప్రశ్న పడగానే అక్కడున్న ప్రతి మనిషీ తనను తాను కాపాడుకోవడంలో పడతాడు. డ్రయ్యరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మేము అలా అడగం అనకండి, ఇది వేషాలు మార్చి వస్తుంది. "రాత్రి డ్యూటీ ఎవరిది?" అదే ప్రశ్న. "నేను ముందే చెప్పానా లేదా?" అదే. "ఎవరినీ అనడం లేదు గానీ..." అంటూ ఒకడి వైపే చూడటం ఇంకా చెడ్డది. నోటితో ఏమీ అనకుండా హాజరు పుస్తకం తెరిచే మేస్త్రులూ ఉన్నారు. గొంతు మెత్తగా పెట్టి అడిగినా అదే. వాట్సాప్ గ్రూపులో "దీనికి బాధ్యులెవరో రాయండి" అని పెట్టేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

ముందు "ఎక్కడిదాకా వచ్చింది?" అని అడగండి. తర్వాత "ఇప్పుడు ఏది ఆపాలి?" అని. ఆ పని జరిగాక, "నీకు మొదట అనుమానం ఎప్పుడు వచ్చింది?" అని. ఎవరన్నది ఆ మూడో జవాబులో దానంతటదే బయటపడుతుంది. మందలింపు ఉంటే మర్నాడు, విడిగా, ఇద్దరి మధ్య. దొంగతనం వేరు, దాన్ని ఈ పాఠంలోకి లాగకండి.

రాయగడ షావుకారు గారికి ఒక సంగతి. 1990లలో అమెరికా ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు పరిశీలించారు. మంచి బృందాల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కల్లో ఎక్కువ తేలాయి. ఆరా తీస్తే, వాళ్లు తప్పులు ఎక్కువ చేసినందువల్ల కాదు, దాచకుండా చెప్పుకున్నందువల్లే అలా కనిపించాయని అర్థమైంది. కాబట్టి పద్ధతి మారిన మొదటి వారాల్లో మీ దగ్గర ఫిర్యాదులు పెరగాలి. పెరగకపోతే కంగారు పడండి.

మన సరిహద్దు పట్టణాల్లో ఇంకో చిక్కుంది. పర్లాకిమిడిలో ఏ జట్టు చూసినా తెలుగు, ఒడియా, సవర కలిసే ఉంటాయి. షావుకారూ మేస్త్రీ తెలుగులో ఏదో అనుకుని నవ్వితే, పక్కనున్న సవర కుర్రాడు అది తన మీదే అనుకుంటాడు. అతని ఎదుట అతనికి వచ్చిన భాషే మాట్లాడండి, వచ్చీరాని ఒడియా అయినా ఫరవాలేదు. "అర్థమైందా?" అని అడగడం మానండి, దానికి వచ్చే జవాబు ఎప్పుడూ "అయింది బాబూ" అనే. చెప్పింది తిరిగి చెప్పించండి. రైల్వేలో స్టేషన్ మాస్టరు ఫోను చేస్తే గేట్‌మన్ "గేటు వేశాను" అని ఊరుకోడు, ప్రైవేటు నంబరు, అంటే గేటు వేసినట్టు గుర్తుగా ఇచ్చే అంకె, చెబుతాడు. మాస్టరు దాన్ని రాసుకుంటాడు. గేట్‌మన్ మీద అపనమ్మకంతో పెట్టిన పద్ధతి కాదది.

అభ్యాసం గురించి మరిచిపోయేవాణ్ణి. ఒక నోటుపుస్తకం పెట్టండి, నెల రోజులు. ప్రతి చెడ్డ కబురుకూ ఒక వరుస: అది జరిగిన వేళ, మీకు తెలిసిన వేళ. పేరు రాసే గడి ఉండకూడదు. ఈ రెండు వేళల మధ్య ఎడం తగ్గుతోందా అన్నది వారానికోసారి చూడండి. ఎదుటి పేజీ మీది: ఆర్డరు రద్దయిందని, కూలి రెండు రోజులు ఆలస్యమవుతుందని, మిషను మరమ్మతుకు డబ్బు లేదని మీకు ఎప్పుడు తెలిసింది, వాళ్లకు ఎప్పుడు చెప్పారు. పుస్తకం బల్ల సొరుగులో కాదు, మంచినీళ్ల కుండ దగ్గర వేలాడాలి. చదవలేనివాళ్లకు శనివారం మీరే చదివి వినిపించండి, ముందు మీ పేజీ.