భాషా స్కూల్లో చేరే ముందు చూసుకోవాల్సినవి

కొత్త బ్యాచ్‌లు మొదలవుతున్నాయంటే డబ్బు కట్టే ముందు ఇవి చూడండి.

- ఫీజంతా ఒకేసారి కట్టకండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో రాతలో తీసుకోండి. నోటిమాట తర్వాత నిలవదు.

- లెవెల్ టెస్ట్ పెడుతున్నారా? రాయించడమే కాదు, మాట్లాడించి కూడా చూడాలి. భాష ఎంత వచ్చో కొలిచే యూరప్ పద్ధతిలో ఏ1 (మొదటి మెట్టు) నుంచి సీ2 (పై మెట్టు) దాకా ఉన్న 6 స్థాయిల్లో మీది తప్పుగా తేలిస్తే నెలలు వృథా.

- ఒక క్లాసులో కూర్చుని చూడండి. గంటంతా టీచరే మాట్లాడితే మీకు నోరు తిరగదు. నా లెక్కలో స్కూలు నాణ్యత తెలిసేది ఇక్కడే.

- టీచరు శిక్షణ గురించి అడగండి. మాతృభాష అయినంత మాత్రాన నేర్పడం రాదు.

- టీచరుగా చేరుతున్నారా? పాఠం తయారీకి, పేపర్లు దిద్దడానికి జీతం ఉందో లేదో ఒప్పందంలో చదవండి. లేని చోట టీచర్లు నిలవరు, నష్టం విద్యార్థులకే.