క్యూ జాయింట్ వంకరగా ఉందా? పిన్ను జోలికి వెళ్లే ముందు

లక్షణం: రెండు ముక్కల స్నూకర్ కర్ర (క్యూ) బిగించి చదునైన బల్ల మీద దొర్లిస్తే జాయింట్ దగ్గర ఎగిరెగిరి పడుతుంది. వెలుతురుకి ఎత్తి చూస్తే రెండు ఇత్తడి ముఖాల మధ్య వెంట్రుకంత సందు. గట్టిగా కొట్టినప్పుడు 'టిక్'మనే చప్పుడు కూడా రావచ్చు.

ముందు క్యూ విప్పి రెండు ముక్కల్నీ విడివిడిగా దొర్లించండి. ఈ ఒక్క పని చెయ్యకుండా 'జాయింట్ పోయింది' అని తెచ్చేవాళ్లను చూసి చూసి విసుగొచ్చింది. షాఫ్ట్ (బంతిని కొట్టే వైపున్న సన్నటి ముక్క) ఒక్కటే దొర్లినా ఊగుతుంటే వంకర కర్రలోనే ఉంది. స్నూకర్ బట్ (చేత్తో పట్టుకునే లావు ముక్క) చివర ఒకవైపు చదునుగా చెక్కి ఉంటుంది కదా, ఆ చదును బల్లకి తగిలినప్పుడల్లా క్యూ తడబడుతుంది. అది వంకర కాదు. ఆ చివరను బల్ల అంచు బయటికి ఉంచి దొర్లించండి.

రెండూ తిన్నగానే ఉంటే సందు చూడండి. ఒకవైపే ఉంటే చాలాసార్లు ముఖం మీద అంటుకున్న చాక్ పొడే (క్యూ కొసకి రాసేది) కారణం. పొడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

చుట్టూ సమానంగా సందు ఉంటేనే అసలు చిక్కు. మొదటిసారి నేను పిన్ను (ఒక ముక్క చివర ఉండి రెండో ముక్క రంధ్రంలో బిగుసుకునే మరల కడ్డీ) జిగురు వదిలి పైకి లేచిందనుకున్నాను. వేడి చేసి ఊడదీసి, ఎపాక్సీతో మళ్లీ అతికించి, 24 గంటలు ఆగి బిగించాను. అదే సందు! తర్వాత రంధ్రంలో టూత్‌పిక్ పెట్టి గీకితే అడుగు నుంచి రాయిలాంటి ఆకుపచ్చటి ఉండ ఊడొచ్చింది. ఎవరో మరలకి నూనె రాశారు, దానికి చాక్ పొడి పట్టి గట్టిపడింది. ముఖాలు కలవకముందే పిన్ను ఆ ఉండకి తగిలి ఆగిపోతోంది. ఇత్తడి ముఖాల ఆసరా లేక, మరల్లో ఉన్న కాస్త వదులు వల్ల షాఫ్ట్ ఒరుగుతుంది.

అందుకే టూత్‌పిక్‌ని రంధ్రం అడుగుదాకా దించి, అంచు దగ్గర గోరుతో గుర్తు పెట్టి, పిన్ను పక్కన పట్టి చూడండి. లోతు పిన్ను పొడవు కన్నా కాస్త ఎక్కువ ఉండాలి. తక్కువుంటే లోపల ఉండ ఉన్నట్టే. చెక్కపుల్లతోనే గీకండి, సూదితో గీకితే ఇత్తడి మరలు చెడతాయి. తర్వాత ఇయర్‌బడ్‌కి ఐసోప్రొపిల్ ఆల్కహాల్ కొద్దిగా అద్ది, మురికి అంటడం ఆగేదాకా తుడవండి. కర్ర మీది పాలిష్‌కి తగలనివ్వకండి. ఆరాక బిగించండి. మళ్లీ నూనె మాత్రం వద్దు.

గరుకు కాగితంతో ముఖం రుద్దడం అసలే వద్దు, అంచులు గుండ్రమైతే ఇక లేత్ మీదే సరిచెయ్యాలి.

వేళ్లతో కదిపితే పిన్ను కదులుతుంటే జిగురు వదిలింది. పిన్నున్న ముక్కను దొర్లించినప్పుడు పిన్ను కొస సున్నా చుడుతుంటే అది వంగింది. రెండూ లేత్ ఉన్న రిపేరువాళ్ల పని, ప్లయర్‌తో వంచకండి. మరలు అరగడం, లోపల కర్ర చీలడం చాలా అరుదు. పైవేవీ కాదని తేలాకే వాటి సంగతి చూడండి.