ఎస్‌బీఎస్‌లో నానోట్యూబులు: గ్రాఫ్ కింద చదునైతే ముందు ఏం చూడాలి

ఎస్‌బీఎస్ (స్టైరీన్-బ్యూటాడయీన్-స్టైరీన్ రబ్బరు)లో కార్బన్ నానోట్యూబులు కలిపి, కరిగించి, రియోమీటర్ ప్లేట్ల మధ్య అటూఇటూ ఊపి కొలుస్తున్నారనుకోండి. ఊపే ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ జీ ప్రైమ్ (శాంపిల్ ఎంత రబ్బరులా గట్టిగా ఉందో చెప్పే కొలత) పడిపోవాలి. అది పడకుండా సెకనుకు 0.1 రేడియన్ల దగ్గర చదునై, ఆ కింద కాస్త తోక కూడా ఎత్తిందా? అదే శాంపిల్‌ని రెండోసారి నడిపితే గీత ఇంకా పైకి పోయిందా? ఇక్కడ హనుమకొండలో మా రియోమీటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అనేది ఒకటే మాట: "నానోట్యూబుల నెట్‌వర్క్ వచ్చేసింది అన్నా."

అంటే నానోట్యూబులు ఒకదానికొకటి అల్లుకొని వలలా ఏర్పడ్డాయని. వచ్చి ఉండొచ్చు. కానీ ఏమీ కలపని ఉత్త ఎస్‌బీఎస్‌ని అదే వేడిలో, అంతే సేపు నడిపావా అంటే తల గోక్కుంటారు. ఉత్త ఎస్‌బీఎస్ కూడా మామూలు పాలిమర్‌లా జారదు. స్టైరీన్, బ్యూటాడయీన్ బ్లాకులు లోపల వేర్వేరుగా సర్దుకొని ఉన్నంతవరకు కింది ఫ్రీక్వెన్సీల్లో గీత నెమ్మదిగానే పడుతుంది. ఆ చదును బ్లాకులది, నానోట్యూబులది కాదు.

అసలు దొంగ వేరే ఉన్నాడు: గాలి. బ్యూటాడయీన్ బ్లాకులో డబుల్ బాండ్లు ఉంటాయి. 190, 200 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ తగిలితే గొలుసులు ఒకదానికొకటి ముడిపడి రబ్బరు గట్టిపడుతుంది. సంక్రాంతికి సకినాల పిండి మూత పెట్టకుండా వదిలేసి, ఆరిపోయాక "నువ్వులు ఎక్కువయ్యాయి" అన్నట్టే ఉంటుంది మన వాదన.

మోసం ఎక్కడంటే, స్వీప్ (ఫ్రీక్వెన్సీ మారుస్తూ వరసగా కొలవడం) సాధారణంగా పైనుంచి కిందికి నడుస్తుంది. సెకనుకు 0.01 రేడియన్ల దగ్గర ఒక్క సైకిల్‌కే దాదాపు పదిన్నర నిమిషాలు. అంటే శాంపిల్ బాగా ముదిరాక కొలిచేవి ఆ కింది పాయింట్లే, నెట్‌వర్క్ కోసం మనం ఆశగా చూసేదీ అక్కడే. పైగా గాలి ముందు తగిలేది అంచుకు. 25 మిల్లీమీటర్ల ప్లేట్లలో టార్క్‌లో (మెషీన్ కొలిచే మెలితిప్పే బలంలో) సగం బయటి 2 మిల్లీమీటర్ల పట్టీ నుంచే వస్తుంది. మధ్యలో అంతా బాగున్నా అంచు ఒక్కటి చాలు, లెక్క తప్పడానికి.

ఒక మే నెలంతా నేనూ ఇలాగే మోసపోయాను. 3 శాతం నానోట్యూబులు కలిపిన శాంపిల్, అందమైన గీత, సార్‌కి కూడా చూపించేశాను. ప్లేట్లు కడుగుదామని శాంపిల్‌ని టోల్యూన్‌లో వేసిన జూనియర్ వచ్చి, "అన్నా, ఇది కరగట్లేదు" అన్నాడు. బీకరులో మధ్య భాగం నల్ల సిరాలా కరిగిపోయింది, అంచు మాత్రం నల్లటి చేతి గాజులా అలాగే మిగిలిపోయింది. చూస్తే, గాలి తగలకుండా రియోమీటర్ ఓవెన్‌లోకి పంపే నైట్రోజన్ ట్యూబు జాయింటు వదులైంది. సిలిండర్ గేజి మాత్రం నిండుగానే చూపిస్తోంది!

కాబట్టి ముందు ఉత్త పాలిమర్‌కి ఒక టైమ్ స్వీప్ (ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర ఊపుతూ కొలుస్తూ పోవడం) పెట్టండి, మీ ఫ్రీక్వెన్సీ స్వీప్ ఎంతసేపు పడుతుందో అంతసేపు. గీత ఎక్కుతూనే ఉంటే వేడి తగ్గించండి, ఓవెన్ దాకా నైట్రోజన్ నిజంగా వస్తోందో చూడండి, యాంటీఆక్సిడెంట్ కలపండి. స్వీప్ అయ్యాక మొదటి పాయింటు మళ్లీ కొలవండి. అది మొదటి విలువ దగ్గరికి రాకపోతే ఆ డేటా పక్కన పడేయండి. చివరికి ఆ శాంపిల్‌ని టోల్యూన్‌లో వేయండి, కరగని ముక్క మిగిలితే గొలుసులు ముడిపడ్డట్టే. ఖర్చు ఒక బీకరు.

నైట్రోజన్ సరిగ్గా ఉండి కూడా గీత కొంతసేపు ఎక్కి ఆగిపోతే అది వేరే సంగతి. లోడ్ చేసేటప్పుడు ప్లేట్లతో నొక్కడం వల్ల చెదిరిన నానోట్యూబులు మళ్లీ కుదురుకుంటున్నాయి. గీత నిలకడకు వచ్చేదాకా ఆగి అప్పుడు కొలవండి. స్ట్రెయిన్ (శాంపిల్‌ని ఎంత సాగేలా ఊపుతున్నామో అది) ఎక్కువ పెట్టినా ఆ నెట్‌వర్క్ చెదురుతుంది, స్ట్రెయిన్ స్వీప్ ఎలాగూ చేస్తారు కదా.

శాంపిల్‌ని టోల్యూన్‌లో కరిగించి, పోసి ఆరబెట్టిన ఫిల్మ్‌తో చేశారా, అది సరిగ్గా ఆరలేదా? వాక్యూమ్ ఓవెన్‌లో ఇంకో రాత్రి ఉంచండి. ప్లేట్ మీద జారడం, తేమ లాంటివి కూడా ఉంటాయి కానీ అరుదు. నైట్రోజన్ చూడకుండా వాటి జోలికి పోకండి.